ముప్ఫయ్యోసారి బల్ల ఎక్కిన అనార్కా

1845 జూన్ నెల. అమెరికా దక్షిణాదిన అలబామా రాష్ట్రం. మాంట్‌గోమరీ ఊరికి మైలు దూరంలో వెస్కాట్ అనే ఆసామి పొలం. ఆ ఆసామికి చెందిన బానిస పిల్ల ఒకత్తి మూడు రోజులుగా పురిటి నొప్పులు పడుతోంది. పేరు అనార్కా. వయసు పదిహేడో ఏడు.

72 గంటలు గడిచాయి. బిడ్డ తల కటి ఎముకల మధ్యకు దిగి అక్కడే బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. పడీ పడీ ఒళ్లు అలిసిపోయి నొప్పులే దాదాపు ఆగిపోయాయి. కాన్పులు చేసిన ఏ ముసలమ్మకైనా తెలుసు, బిడ్డ బయటపడకుండా నొప్పులు ఆగిపోతే అది మంచి సూచన కాదని.

ఆసామి ముందు డాక్టర్ హెన్రీని పిలిపించాడు. ఆయన చూసి మరో డాక్టర్‌కి కబురు పెట్టాడు. ఆ వచ్చినవాడు జేమ్స్ మారియన్ సిమ్స్. 32 ఏళ్లు. పదేళ్ల కిందట ఫిలడెల్ఫియాలో వైద్యం పట్టా పుచ్చుకున్నాడు. మెల్లకన్ను, వంకర పాదాలు సరిచేసి చుట్టుపక్కల మంచి పేరు సంపాదించాడు. కాన్పుల్లో బిడ్డ తలను పట్టి లాగే పటకారు, ఫోర్‌సెప్స్, పట్టిన అనుభవం మాత్రం తనకు అంతగా లేదని తర్వాతెప్పుడో తనే రాసుకున్నాడు. ఆ ఫోర్‌సెప్స్ వేసే బిడ్డను బయటికి తీశాడు.

తల్లి బతికింది. కోలుకుంటోందనే అనుకున్నారు. ఐదు రోజులు తిరిగేసరికి మళ్లీ కబురొచ్చింది. మూత్రం ఆగడం లేదు. మలం ఆగడం లేదు. పడుకున్నా, కూర్చున్నా, లేచి నిలబడినా కారిపోతూనే ఉంది.

అసలు జరిగిందేమిటంటే, బిడ్డ తలకీ తల్లి కటి ఎముకకీ నడుమ మూత్రసంచి గోడ రోజుల తరబడి నలిగిపోయింది. అంతసేపు నలిగిన కండకు రక్తం అందదు. రక్తం అందని కండ చచ్చిపోతుంది. నాలుగైదు రోజుల్లో అది ఊడిపోయి, ఆ చోట రంధ్రం పడుతుంది. మూత్రసంచికీ యోనికీ మధ్య గోడ ఉండదు. అనార్కాకి వెనక వైపు, మలాశయం గోడకు కూడా రంధ్రం పడింది. దీన్నే ఫిస్టులా అంటారు. ఎముకలు ఇంకా పూర్తిగా ఎదగని పిల్లలకు, తిండి చాలక గిడసబారిన పిల్లలకు కాన్పు అడ్డం తిరిగితే వచ్చే కష్టం ఇది. సమయానికి సిజేరియన్ చేసేవాళ్లుంటే రాదు. 1845లో సిజేరియన్ అంటే తల్లి ప్రాణం మీద ఆశ వదులుకోవడమే.

ఎప్పుడూ తడిసిన గుడ్డలు. తొడల మీద చర్మం ఒరుసుకుపోయి పుండ్లు. ఎంత కడిగినా పోని వాసన. పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లుండరు. ఈ జబ్బు ప్రాణం తీయదు, ఏళ్ల తరబడి మనిషిని మనుషుల మధ్య ఉండనివ్వదు.

ఆడవాళ్ల కటి భాగం పరీక్షించడమంటే తనకు ఎంతమాత్రం గిట్టేది కాదని సిమ్స్ దాచకుండా రాశాడు. పుస్తకాలు తిరగేశాడు. అన్నిట్లోనూ ఒకటే మాట, దీనికి మందు లేదని. వెళ్లి ఆసామికి చెప్పాడు: అనార్కా చావదు, కానీ ఇక పనికి రాదు, బతికున్నన్నాళ్లూ మీరే కనిపెట్టుకుని చూసుకోవాలని. డాక్టర్ సంజాయిషీ యజమానికి. రోగికి కాదు.

ఈ గాథలో మనకు తెలిసిన దాదాపు ప్రతి సంగతీ సిమ్స్ కలం నుంచి వచ్చిందే. అతను 1883లో చనిపోయాడు. మరుసటి ఏడు అతని ఆత్మకథ అచ్చయింది. అనార్కా రాసింది ఒక్క అక్షరం లేదు. రాయడానికి వీల్లేదు కూడా. బానిసకు చదువు నేర్పినవాళ్లకు జరిమానా వేసే చట్టం అలబామాలో 1832 నుంచీ ఉంది. అందుకని అతను రాసిందే తీసుకుని, ఆ బల్ల మీద ఉన్న మనిషి వైపు నిలబడి ఈ కథ చెబుతున్నాను.

ఆ వేసవిలోనే మరో ఇద్దరు వచ్చారు. బెట్సీకి కూడా పదిహేడో పద్దెనిమిదో. పక్క జిల్లా నుంచి ఆమె యజమాని పంపాడు. అదే జబ్బు. తరవాత లూసీ. ఆమెది మేకన్ జిల్లా, వయసు పద్దెనిమిది. పిల్లను పంపవద్దు, నా వల్ల కాదు అని సిమ్స్ ముందే జాబు రాసినా యజమాని రైలెక్కించి పంపేశాడు. సిమ్స్ చూసి, రేపు సాయంత్రం బండికి తిరిగి వెళ్లిపొమ్మన్నాడు. నయమవుతుందని ఆశతో వచ్చిన పిల్ల, ఆ మాటకు చాలా నిరాశపడిందని రాశాడు. తన బాధ డాక్టర్‌కి తెలిసేలా ఆమె ఎలా చెప్పుకుందో ఆ ఒక్క వాక్యాన్ని బట్టి మనం ఊహించుకోవాలి.

మర్నాడు పొద్దున లూసీ తలరాత మారింది. దానికి కారణం ఒక పంది.

మెరిల్ అనే తెల్లావిడ, నడివయసు మనిషి, గుర్రం మీద వెళ్తోంది. దారి పక్కన ఉన్న పందిని చూసి గుర్రం బెదిరింది. ఆవిడ కిందపడింది. నడుము కింద భరించలేని నొప్పి, మూత్రం రాదు, లేవలేదు. సిమ్స్ వెళ్లి చూస్తే గర్భసంచి వెనక్కి తిరిగిపోయి ఉంది. చదువుకునే రోజుల్లో గురువు చెప్పిన చిట్కా గుర్తొచ్చింది. ఆవిడను మోకాళ్లు, మోచేతుల మీద వంగమన్నాడు. మీద దుప్పటి కప్పాడు. వేళ్లతో గర్భసంచిని నెట్టే ప్రయత్నం చేస్తుండగా ఉన్నట్టుండి అంతా వదులైంది, ఆవిడకు నొప్పి పోయింది. ఆ భంగిమలో ఒళ్లు వంగినప్పుడు గాలి లోపలికి చొరబడి యోని గోడలను దూరం జరిపిందనీ, ఆ గాలి ఒత్తిడికే గర్భసంచి తన చోటికి వెళ్లిందనీ సిమ్స్‌కి తట్టింది.

అలా గోడలు విచ్చుకుంటే, అదే భంగిమలో ఫిస్టులా కంటికి కనపడదా? సిమ్స్‌కి తెలిసినంతలో అప్పటిదాకా ఏ వైద్యుడూ దాన్ని సరిగ్గా చూడలేదు. చూడలేనిదాన్ని కుట్టడం ఎలాగ?

ఇంటికి పోతూ దారిలో కొట్టు దగ్గర ఆగి తగరపు గరిటె ఒకటి కొన్నాడు. పెరట్లో నల్లవాళ్ల కోసం కట్టిన చిన్న ఆసుపత్రికి వెళ్లాడు. ఇద్దరు విద్యార్థుల్ని పిలిచాడు. బెట్సీని బల్ల ఎక్కించి, మోకాళ్ల మీద వంగబెట్టి, గరిటె కాడను వంచి లోపలికి పెట్టి పైకి ఎత్తిపట్టాడు. పగటి వెలుగు లోపలికి పడింది. రంధ్రం అంచులతో సహా స్పష్టంగా కనిపించింది. ఇంతవరకూ ఏ మనిషీ చూడనిది తను చూశానని రాశాడు.  వైద్యచరిత్రలో అది గొప్ప క్షణం. ఆ వెలుగు పడింది బెట్సీ ఒంట్లో. మెరిల్ గారికి దుప్పటి కప్పిన సంగతి రాశాడు. బెట్సీకి ఏమైనా కప్పాడో లేదో రాయలేదు.

లూసీ ఆ సాయంత్రం బండి ఎక్కలేదు.

సిమ్స్ యజమానులతో ఒప్పందం చేసుకున్నాడు. ఈ ఆడవాళ్లను తన దగ్గరే ఉంచుకుంటాడు. తిండి ఖర్చు, వైద్యం ఖర్చు తనది. వాళ్ల మీద కట్టాల్సిన పన్ను, బట్టల ఖర్చు యజమానులది. ప్రాణాపాయం కలిగించే ఆపరేషన్ ఏదీ చేయనని మాట ఇచ్చాడు. ఆసుపత్రి మీద ఇంకో అంతస్తు వేశాడు. మరికొందరు ఇదే జబ్బు ఉన్నవాళ్లను వెదికి తెప్పించాడు. మొత్తం ఆరేడుగురయ్యారు. పేర్లు మిగిలింది ముగ్గురివే.

ఒప్పందంలో రెండు పక్షాలూ తెల్లవాళ్లే, మగవాళ్లే.

1846 మొదట్లో తొలి ఆపరేషన్. లూసీకి. కొత్త వింత చూద్దామని ఊళ్లో డాక్టర్లు పన్నెండు మంది దాకా వచ్చారు. పద్దెనిమిదేళ్ల పిల్ల, వాళ్లందరి ఎదుట, బల్ల మీద మోకాళ్లు ఆన్చి, తల చేతుల్లో పెట్టుకుని వంగి ఉంది. మత్తుమందు లేదు. రంధ్రం అంచుల్ని చుట్టూ కత్తిరించి పచ్చి చేయాలి. రెండు పచ్చి అంచుల్నీ దగ్గరికి లాగి పట్టుదారంతో కుట్టాలి. సూది తిప్పడానికి కూడా చోటు లేని లోతులో. దాదాపు గంట పట్టింది. ఆ పిల్ల ఎంతో ధైర్యంగా భరించిందని సిమ్స్ మెచ్చుకుంటూ రాశాడు.

కుట్టిన చోటికి మూత్రం తగలకూడదు. అందుకోసం చిన్న స్పాంజి ముక్కను మూత్రసంచిలో పెట్టి, దాన్నుంచి పట్టుదారం బయటికి వదిలాడు. మూత్రాన్ని స్పాంజి పీల్చుకుని బయటికి వదులుతుందని అతని ఆలోచన. ఐదు రోజులకు లూసీకి జ్వరం, నాడి ఉరుకులు. స్పాంజి లోపల గట్టిపడి రాయిలా పేరుకుపోయింది, గోడలకు అతుక్కుపోయింది. బలంగా పట్టి లాగితే తప్ప రాలేదు. ఆ బాధకు లూసీ చచ్చిపోతుందనే అనుకున్నాడు. కోలుకోవడానికి ఆమెకు రెండు మూడు నెలలు పట్టింది. చూస్తే పెద్ద రంధ్రం మూసుకుంది కానీ దాని బదులు చిన్న చిన్న రంధ్రాలు మిగిలాయి. మూత్రం కారడం ఆగలేదు.

తరవాత బెట్సీ. ఈసారి స్పాంజి లేదు, బయటికి మూత్రం పోయే గొట్టం పెట్టాడు. అదీ విఫలం. తరవాత అనార్కా. అదీ విఫలం. మళ్లీ లూసీ. మళ్లీ బెట్సీ. మళ్లీ అనార్కా.

ఆపరేషన్ అయ్యాక నల్లమందు ఇచ్చేవాడు. అది కోత నొప్పికి కాదు, కోత అయిపోయాక. నల్లమందు వల్ల విరేచనం కట్టుబడుతుంది, కుట్ల మీద ఒత్తిడి పడదు. టీ, ఎండు బిస్కెట్ల వంటి తిండితో రెండేసి వారాలు కదలకుండా పడుకోవాలి. ఆ పడకలోంచి లేచాక గొట్టం తీసి చూస్తారు. కుట్లు తెగి ఉంటాయి. పట్టుదారం చుట్టూ చీము పట్టి ఉంటుంది. కొన్ని వారాలు ఆగి, పుండు మానాక, మళ్లీ బల్ల.

బోస్టన్‌లో 1846 అక్టోబర్ 16న ఈథర్ మత్తులో నలుగురి ఎదుట ఆపరేషన్ చేశారు. వార్త కొద్ది నెలల్లో ప్రపంచమంతా పాకింది. 1847లో క్లోరోఫాం వచ్చింది. లూసీ తొలి ఆపరేషన్ నాటికి మత్తుమందు లేకపోవడం ఎవరి తప్పూ కాదు. ఆ తరవాతి రెండున్నరేళ్ల మాటేమిటి? కొత్త మందు మీద భయం చాలామంది డాక్టర్లకు ఉండేది, ఒప్పుకుంటాను. కానీ సిమ్స్ 1857లో, అంటే ఈథర్ వచ్చిన పదకొండేళ్లకు, న్యూయార్క్‌లో వైద్యుల సభలో మాట్లాడుతూ ఈ ఆపరేషన్లకు తను మత్తు వాడనన్నాడు. అంత శ్రమా, అంత ముప్పూ పెట్టుకునేంత నొప్పి ఇందులో లేదన్నాడు. లూసీ గురించి రాసిన చెయ్యే, ఎంత ధైర్యంగా భరించిందో అని రాసిన చెయ్యే. నొప్పి లేకపోతే భరించిందేమిటి?

నల్లవాళ్లకు నొప్పి తక్కువ తెలుస్తుందనే నమ్మకం ఆనాటి తెల్ల వైద్యుల్లో గట్టిగా ఉండేది. అది పాతకాలపు మాట అని తీసిపారేయలేం. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తెల్లజాతి వైద్య విద్యార్థుల్నీ, జూనియర్ డాక్టర్లనీ అడిగి చూస్తే, నల్లవాళ్ల చర్మం మందం వంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒక్కటైనా సగం మందిలో కనిపించింది.

ఏడాది గడిచింది. రెండేళ్లు గడిచాయి. వింత చూడ్డానికి వచ్చిన డాక్టర్లు ఒక్కొక్కరే మానేశారు. పక్కన నిలబడి సాయం చేసేవాళ్లు లేకుండా పోయారు. డబ్బు పోతోంది, పేరు పోతోంది, ఇక మానెయ్యమని సిమ్స్ బావమరిది, ఆయనా డాక్టరే, వచ్చి నచ్చజెప్పాడు. సిమ్స్ వినలేదు.

నేను ఈ కథలో ఎక్కువసేపు ఆగి చూసేది ఇక్కడే. సాయానికి డాక్టర్లు లేరు. మరి ఆపరేషన్ ఎలా జరిగింది? ఒకరు మోకాళ్ల మీద వంగి ఉంటే ఒకరు పట్టుకోవాలి. ఒకరు స్పెక్యులమ్, అంటే ఆ వంచిన గరిటె లాంటి పనిముట్టు, ఎత్తిపట్టాలి. రక్తం అద్దడానికి ఒకరు, కుట్టు దారాలు విడివిడిగా పట్టుకోవడానికి ఒకరు కావాలి. ఆ పనులన్నీ ఆ ఆడవాళ్లే చేశారు. చివరికి రోగుల సాయంతోనే ఆపరేషన్లు చేశానని సిమ్స్ ఒప్పుకున్నాడు. ఈ వారం బల్ల మీద ఉన్న అనార్కా, వచ్చే వారం లూసీ దగ్గర నిలబడుతుంది. స్పెక్యులమ్ ఏ కోణంలో పడితే వెలుగు లోపలికి దిగుతుందో ఆమె నేర్చుకుంది. పట్టు కాస్త జారితే లోపల ఎంత నొప్పో తెలిసిన చేత్తో పట్టుకుంది. రాత్రిళ్లు జ్వరం చూసుకోవడం, గొట్టం కడగడం, తడిగుడ్డలు మార్చడం, అదంతా ఒకరికొకరు చేసుకోక ఇంకెవరు చేస్తారు?

అమెరికాలో స్త్రీల శస్త్రచికిత్సకు నర్సులంటూ శిక్షణ పొందినవాళ్లలో వీళ్లు తొలివాళ్లు. చరిత్రకారిణి డీర్డ్రా కూపర్ ఓవెన్స్ 2017లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతే గట్టిగా చెప్పారు. బానిస ఆడవాళ్లు ప్రయోగానికి శరీరం మాత్రమే కాదు, ఆ వైద్యానికి చేతులు కూడా. ఆమె మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

ఇక మిగిలిన చిక్కుముడి రెండు చోట్ల ఉంది. లోతులో వేసిన కుట్టుకు ముడి వేయడం ఎలా? దారం చుట్టూ చీము పట్టకుండా చేయడం ఎలా? మొదటి దానికి జవాబు ఒక రాత్రి పడక మీద తట్టింది. దారం చివర సీసపు తుపాకీ గుండును గుచ్చి, కుట్టు దాకా జరిపి, పటకారుతో నొక్కేస్తే ముడి అక్కర్లేదు. సంతోషం పట్టలేక భార్యను నిద్రలేపి మరీ చెప్పాడట. రెండోదానికి జవాబు పెరట్లో దొరికింది. ఇంట్లోంచి ఆఫీసుకు నడుస్తుంటే కాలి దగ్గర సన్నటి ఇత్తడి తీగ ముక్క. వెనకటి రోజుల్లో ప్యాంటు పట్టీలకు స్ప్రింగుగా వాడే రకం. దాన్ని ఏరుకుని నగలు చేసే స్వాన్ దగ్గరికి పోయి, ఇంతే సన్నంగా వెండి తీగ లాగి ఇమ్మన్నాడు.

1849 జూన్. అనార్కా మళ్లీ బల్ల ఎక్కింది. అది ఆమెకు ముప్ఫయ్యో ఆపరేషన్. మూడున్నరేళ్లలో ముప్ఫయి. నాలుగు వెండి కుట్లు వేసి, సీసపు గుండ్లతో బిగించాడు. గొట్టం పెట్టి పడుకోబెట్టాడు. అంతకుముందు మర్నాటికే మూత్రంలో జిగురు వచ్చి, లోపల వాచిందని తెలిసిపోయేది. ఈసారి మూత్రం తేటగా వస్తోంది. రెండో రోజూ తేటే. వారం రోజులకు బల్ల ఎక్కించి చూశాడు. వాపు లేదు, చీము లేదు. కుట్లు వేసినవి వేసినట్టున్నాయి. అంచులు అతుక్కున్నాయి.

మరో రెండు వారాల్లో లూసీకీ, బెట్సీకీ అదే పద్ధతిలో నయమైంది.

ఆ తరవాత వాళ్లు మళ్లీ బానిసలే. అమెరికాలో బానిసత్వం రద్దయింది ఇంకో పదహారేళ్లకు, 1865లో.

సిమ్స్ తరవాతి జీవితం గబగబా చెప్పేయవచ్చు. 1852లో తన పద్ధతిని పేరున్న వైద్య పత్రికలో అచ్చు వేయించాడు. న్యూయార్క్ వెళ్లి 1855లో స్త్రీల కోసం ప్రత్యేక ఆసుపత్రి తెరిచాడు. అక్కడ తొలినాళ్లలో బల్ల ఎక్కినవాళ్లు ఎక్కువగా ఐర్లండ్ నుంచి వలసొచ్చిన పేదరాళ్లు. యూరప్‌లో రాజకుటుంబాలకు వైద్యం చేశాడు. 1876లో అమెరికా వైద్యుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. పోయాక కంచు విగ్రహం పెట్టారు, ఆధునిక గైనకాలజీ పితామహుడన్నారు. 1950ల్లో ఒక మందుల కంపెనీ వైద్యచరిత్ర ఘట్టాలంటూ వేయించిన బొమ్మల్లో ఈ ఆసుపత్రి గది కూడా ఉంది. అందులో సిమ్స్ కోటు వేసుకుని నిలబడి ఉంటాడు, ఒక నల్లపిల్ల నిండా బట్టలతో బల్ల మీద మోకరిల్లి ఉంటుంది, ఇద్దరు పరదా చాటు నుంచి తొంగిచూస్తుంటారు. గది శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది.

సిమ్స్‌ని సమర్థించేవాళ్లున్నారు. వాళ్ల మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఆఫ్రికాలో ఎన్నో ఏళ్లు ఫిస్టులా ఆపరేషన్లు చేసిన డాక్టర్ లూయిస్ వాల్, 2006లో ఒక వ్యాసంలో ఆ కాలాన్ని ఆ కాలపు కొలతలతో చూడమన్నారు. ఈ జబ్బు ఉన్న ఆడది నయమవడానికి ఏ బాధకైనా సిద్ధపడుతుందని, ఆపరేషన్‌కి ఆ స్త్రీలు ఇష్టపడ్డారన్న సిమ్స్ మాటను నమ్మవచ్చని వాదించారు. మళ్లీ చేయమని వాళ్లే అడిగేవాళ్లని సిమ్స్ రాశాడు. అడిగే ఉంటారు. నయం కావాలని కోరుకోని మనిషి ఉంటుందా? కానీ ఇంక చాలు, నా వల్ల కాదు అనే వీలు లేని చోట అడిగినదానికి ఒప్పుకోలు అని పేరు పెట్టలేం. పదో ఆపరేషన్‌కీ పదకొండో ఆపరేషన్‌కీ మధ్య అనార్కా వద్దంటే ఏమయ్యేది? ఆ మాట వినాల్సిన మనిషి ఆమె యజమాని, ఆయన ఆమెను అప్పటికే డాక్టర్‌కి అప్పగించేశాడు.

లూసీ వచ్చిన మేకన్ జిల్లా పేరు మరోసారి వైద్యచరిత్రకెక్కింది. టస్కీగీ ఊరు అక్కడిదే. సిఫిలిస్ ఉన్న దాదాపు 400 మంది నల్లజాతి రైతుకూలీలకు జబ్బు పేరు చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ వైద్యులు అలా చూస్తూ కూర్చున్నది అక్కడే. అది బయటపడ్డాకే, 1974లో, మనుషుల మీద పరిశోధనకు ముందు వాళ్ల అంగీకారం తప్పనిసరి చేస్తూ అమెరికా చట్టం తెచ్చింది.

రోగి చెయ్యి సర్జన్ చెయ్యి అయిన కథ ఇంకొకటి ఉంది. అది చెప్పకపోతే ఈ గాథ సగమే.

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాకు 1959లో ఇద్దరు డాక్టర్లు వచ్చారు. ఆస్ట్రేలియాకు చెందిన కేథరిన్ హామ్లిన్, న్యూజిలాండ్‌లో పుట్టిన ఆమె భర్త రెజినాల్డ్. మంత్రసానుల బడి పెట్టడానికి మూడేళ్ల ఒప్పందం మీద వచ్చి, ఫిస్టులా ఆడవాళ్లను చూసి అక్కడే ఉండిపోయారు. 1960ల మొదట్లో వాళ్ల దగ్గరికి కొండ ప్రాంతం నుంచి మమీటు గాషె అనే పిల్లను మోసుకొచ్చారు. పదహారేళ్లు. రోజుల తరబడి నొప్పులు పడి, బిడ్డ పోయి, ఫిస్టులాతో మిగిలింది. బడి ముఖం చూడలేదు. ఎన్ని ఆపరేషన్లు చేసినా ఆమెకు పూర్తిగా నయం కాలేదు. ఊరికి వెళ్లలేక ఆసుపత్రిలోనే ఉండిపోయి, పక్కలు సర్దింది. తరవాత ఆపరేషన్ థియేటర్‌లో పనిముట్లు అందించింది. డాక్టర్ రెజినాల్డ్ ఆమె చేతి నేర్పు గమనించి కుట్లు వేయడం నేర్పారు. ఏళ్లు గడిచేసరికి దేశదేశాల నుంచి వచ్చిన సర్జన్లకు ఫిస్టులా కుట్టడం నేర్పే స్థాయికి ఎదిగింది. 1989లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ హామ్లిన్ దంపతులతో పాటు ఆమెకూ బంగారు పతకం ఇచ్చింది. 1974లో ఆ దంపతులు కట్టిన ఆసుపత్రిలో, దాని శాఖల్లో ఇప్పటికి 60 వేల మందికి పైగా స్త్రీలకు ఉచితంగా నయం చేశారు.

అనార్కా చేసిన పనీ, మమీటు చేసిన పనీ మొదట్లో ఒకటే. తేడా పక్కనున్న డాక్టర్ దాన్ని ఏమని పిలిచాడన్నదే.

న్యూయార్క్ సెంట్రల్ పార్క్ పక్కనున్న సిమ్స్ విగ్రహాన్ని 2018 ఏప్రిల్ 17న క్రేన్‌తో దించేశారు. మాంట్‌గోమరీలో 2021లో మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి పాత ఇనుప సామాను, వాడి పారేసిన పనిముట్లు అతికించి అనార్కా, బెట్సీ, లూసీల భారీ బొమ్మలు పెట్టింది. గైనకాలజీ తల్లులు అని వాటికి పేరు.

మనకీ ఈ కథతో పని ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల పేర్లే ముందు వరసలో వస్తున్నాయి. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. లోపలేముందో కెమెరా గొట్టంతో చూడ్డానికి సంతకం పెట్టిన, గర్భసంచి తీయడానికి ఒప్పుకోని ఒక మహిళకు, ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లి సరేనందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణానికి తక్షణ ముప్పు లేనప్పుడు అలా చేయడానికి వీల్లేదని, స్పృహ వచ్చాక అడగాల్సింది ఆమెనేనని, తల్లి సంతకం చెల్లదని కోర్టు తేల్చి చెప్పింది. పరీక్షకు ఇచ్చిన ఒప్పుకోలు ఆపరేషన్‌కి ఒప్పుకోలు కాదంది. కాబట్టి అమ్మా, అక్కా, కాగితం మీద మీ బదులు మీ ఆయనో, అన్నయ్యో సంతకం పెడుతుంటే ఆపండి. ఏం తీస్తున్నారు, ఎందుకు తీస్తున్నారు, తీయకపోతే ఏమవుతుంది, ఈ మూడూ అడిగి, అర్థమయ్యాకే మీరే పెట్టండి.

ఇక ఇది చదువుతున్న గైనకాలజీ అధ్యాపకులకు ఒక విన్నపం. మన ప్రతి మెడికల్ కాలేజీలో, ప్రతి కాన్పుల ఆసుపత్రిలో సిమ్స్ స్పెక్యులమ్ ఉంది. ఏటా వేలమంది పిల్లలు దాని పేరు నేర్చుకుని పరీక్ష రాస్తున్నారు. ఈసారి దాన్ని చేతిలోకి తీసుకుని పాఠం చెప్పేటప్పుడు సిమ్స్ పేరు పక్కన అనార్కా, బెట్సీ, లూసీ అని ఆ ముగ్గురి పేర్లూ చెప్పండి.